ఈసీఎన్‌ఎల్ బెంచీయా, ఇంటి దగ్గర క్లబ్బులో పదకొండులో చోటా: ఫ్రిస్కోలో ఒక అండర్-14 సాకర్ లెక్క

సాకర్ క్లబ్బు ట్రయౌట్లు (ఎంపిక ఆటలు) అయిన రాత్రి పదిన్నరకు మెయిల్ వస్తుంది. అభినందనలు, మీ అమ్మాయికి చోటు ఇస్తున్నాం, 48 గంటల్లో ఒప్పుకుని డిపాజిట్ కట్టండి. ఆ మెయిల్లో ఒకే ఒక్క అంకె ఉంటుంది, క్లబ్ ఫీజు. ఏడాది తిరిగేసరికి ఇంటి ఖాతాలోంచి పోయే డబ్బులో ఆ అంకె ఒక్కోసారి మూడో వంతు కూడా కాదు. మిగతాదాంట్లో చాలావరకు రోడ్ల మీద, హోటళ్లలో, విమానాల్లో పోతుంది. దాని గురించి మెయిల్లో ఒక్క ముక్క ఉండదు. ఈ కేసు దాని గురించే.

కేసు

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్న తెలుగు కుటుంబం. అమ్మానాన్నలిద్దరూ ఐటీలోనే. అమ్మాయి 2012 అక్టోబరులో పుట్టింది, 2026–27లో ఎనిమిదో తరగతి. ఎడమకాలి వింగర్ (మైదానం అంచున దాడికి దిగే ఆటగత్తె). వేగం ఉంది, ఎదురుగా ఒక్క డిఫెండరే ఉంటే దాటిపోతుంది. బంతి పోయాక వెనక్కి పరుగెత్తడానికి మాత్రం బద్ధకం. తమ్ముడు మూడో తరగతి, వాడికి శనివారాలు క్రికెట్. ఇది లెక్క చూపడానికి కట్టిన నమూనా కుటుంబం. ధరలన్నీ 2026–27 సీజన్‌కు వేసుకున్న అంచనాలు. మీ క్లబ్బు అంకెలు పెట్టుకుని మళ్లీ కూడుకోవాలి.

చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. మొదటిది ఈసీఎన్‌ఎల్ (ఎలైట్ క్లబ్స్ నేషనల్ లీగ్, దేశమంతా నడిచే యూత్ లీగు) టీమ్. ప్రాక్టీస్ మైదానం ఇంటికి 15 మైళ్లు. రోస్టర్‌లో (జట్టు జాబితాలో) 20 మంది, మ్యాచ్ రోజు జాబితాలో 18 మందికే చోటు. కోచ్ మాటల్లో మన అమ్మాయి "రొటేషన్ ప్లేయర్". ఆ మాటకు అర్థం వరుసలో 14 నుంచి 18 మధ్య ఎక్కడో అని. రెండోది ఇంటికి 6 మైళ్లలో ఉన్న ఇంకో క్లబ్బు, ఈసీఎన్‌ఎల్ రీజినల్ లీగ్ (దాని కింది మెట్టు) టీమ్. అక్కడ మొదటి పదకొండు మందిలో చోటు ఖాయం.

ఈ ఏడాదికి మాత్రమే ఉన్న మెలిక ఒకటుంది. దాదాపు పదేళ్లుగా అమెరికాలో యూత్ సాకర్ వయసు విభాగాలు జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు పుట్టిన తేదీల మీద నడిచాయి. 2026–27 నుంచి ఆ గీత ఆగస్టు 1కి జరుగుతోంది. అందుకే 2012 అక్టోబరులో పుట్టిన పిల్ల 2025–26లోనూ అండర్-14, 2026–27లోనూ అండర్-14. నిరుడు జట్టులో చిన్నవాళ్లలో ఒకతె, ఈ ఏడాది పెద్దవాళ్లలో ఒకతె. ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య పుట్టిన పిల్లలంతా ఇలాగే జరుగుతారు కాబట్టి రెండు క్లబ్బుల్లోనూ రోస్టర్లు తారుమారయ్యాయి. నిరుటి పాయింట్ల పట్టిక చూసి ఏ టీమ్ గట్టిదో తేల్చుకుంటే ఈసారి పొరపాటే.

ఇన్ని మైళ్లు ఎందుకు

ఈసీఎన్‌ఎల్ 2009లో 40 క్లబ్బులతో, అమ్మాయిల కోసమే మొదలైంది. అబ్బాయిల విభాగం 2017లో వచ్చింది. అదే 2017లో యూఎస్ సాకర్ ఫెడరేషన్ సొంతంగా గర్ల్స్ డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టింది, 2020 ఏప్రిల్‌లో మూసేసింది. ఆ అకాడమీ నుంచి వీధిన పడ్డ క్లబ్బుల్లో చాలావరకు కలిసి అదే ఏడాది గర్ల్స్ అకాడమీ అనే లీగ్ పెట్టుకున్నాయి. దాంతో ఒకే మెట్రోలో గట్టి టీమ్‌లు రెండు లీగుల మధ్య చీలిపోయాయి. పక్కపక్క మైదానాల్లో ప్రాక్టీస్ చేసే రెండు టీమ్‌లకు ఏడాది పొడవునా లీగ్ మ్యాచే పడకపోవచ్చు. ఒకటి తన లీగు వాళ్లను వెతుక్కుంటూ హ్యూస్టన్ పోతుంది, రెండోది ఇంకో ఊరు పోతుంది. ప్రయాణాల ఖర్చంతా ఆట నాణ్యత కోసమే అని క్లబ్ డైరెక్టర్లు చెబుతారు. నా లెక్కలో అందులో కొంత ఈ చీలికకు కడుతున్న సుంకం.

మొదటి ఆఫర్ అసలు ఖరీదు

క్లబ్ ఫీజు: 3,400 డాలర్లు
కిట్: 420 (రెండేళ్లు వస్తుంది, కానీ డబ్బు ఈ ఏడాదే పోతుంది)
టీమ్ ఫీజు: 650
నాలుగు రోడ్డు ప్రయాణాలు: 2,285
రెండు విమాన ప్రయాణాలు: 3,780
ప్రాక్టీస్‌కు కారు మైళ్లు: 1,260
టోల్: 480
మొత్తం: 12,275

ఇందులో ఎక్కువమంది తల్లిదండ్రులు ముందుగా వేసుకోనివి మూడున్నాయి.

మొదటిది టీమ్ ఫీజు లోపల ఉండే కోచ్ ప్రయాణం. ఒక విమాన ప్రయాణానికి కోచ్ టికెట్ 350, హోటల్ మూడు రాత్రులు 510, అద్దె కారు 150, భోజనం రోజుకు 60 చొప్పున నాలుగు రోజులు 240. కలిపితే 1,250. అలాంటివి రెండంటే 2,500, దాన్ని 20 మందికి పంచితే తలకు 125. చిన్న మొత్తమే. చిక్కు ఎక్కడంటే కొన్ని క్లబ్బులు దీన్ని టీమ్ ఫీజులో కలపవు, సీజన్ అయ్యాక జూన్‌లో వేరే బిల్లు పంపుతాయి. మధ్యలో ఇద్దరు పిల్లలు మానేస్తే వాళ్ల వాటా మిగిలిన 18 మంది మీద పడుతుంది.

రెండోది ప్రాక్టీస్ మైళ్లు. వారానికి మూడుసార్లు, 40 వారాలు, అంటే 120 ట్రిప్పులు. రానూపోనూ 30 మైళ్ల చొప్పున 3,600 మైళ్లు. హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో ప్రయాణాలన్నీ కలిపినా 2,100 మైళ్లే. దూరం అనగానే అందరికీ హ్యూస్టన్ గుర్తొస్తుంది కానీ కారు ఎక్కువ తిరిగేది మంగళ, బుధ, గురువారాల సాయంత్రాల్లో. టోల్‌వే మీద వెళ్తే టోల్‌ట్యాగ్‌లోంచి ఒక్కో ప్రాక్టీస్‌కు సుమారు 4 డాలర్లు జారిపోతాయి. సాయంత్రం ఐదున్నరప్పుడు 15 మైళ్లకు 35 నిమిషాలు పడితే, 6 మైళ్ల క్లబ్బుకు 15 నిమిషాలు చాలు. రానూపోనూ తేడా 40 నిమిషాలు, ఏడాదికి 80 గంటలు. ఆ 80 గంటలు హోంవర్క్‌లోంచో నిద్రలోంచో రావాలి.

మూడోది మైలుకు ఎంత వేసుకోవాలన్నది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) 2025కు పెట్టిన వ్యాపార మైలేజీ రేటు మైలుకు 70 సెంట్లు. అందులో ఇన్సూరెన్స్, కారు పాతబడటం అన్నీ ఉన్నాయి. కారు ఎలాగూ ఇంట్లో ఉండేదే కాబట్టి 70 వేయడం అతి. గ్యాస్ (పెట్రోలు) డబ్బులు మాత్రమే వేసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం. టైర్లు, ఆయిల్, కారు తిరిగి అమ్మేటప్పుడు పడిపోయే ధర కలుపుకుని ఇక్కడ 35 సెంట్లు వేశాం.

రెండో ఆఫర్‌కు ఇదే పద్ధతిలో: ఫీజు 2,900, కిట్ 380, టీమ్ ఫీజు 400, ఏడాదిలో రెండు రాత్రి బస ప్రయాణాలు (హ్యూస్టన్ ఒకటి, ఓక్లహోమా సిటీ ఒకటి) 1,252, ప్రాక్టీస్ మైళ్లు 504. విమానాలు లేవు, టోల్ లేదు. మొత్తం 5,436. రెండింటికీ తేడా 6,839 డాలర్లు. మెయిళ్లలో కనబడిన ఫీజుల తేడా 500.

ఒక హ్యూస్టన్ వారాంతం దగ్గరగా

ఈసీఎన్‌ఎల్ టెక్సస్ షెడ్యూల్లో హ్యూస్టన్ ప్రయాణం అంటే సాధారణంగా శనివారం ఒక క్లబ్బుతో, ఆదివారం ఇంకో క్లబ్బుతో. ఫ్రిస్కో నుంచి సుమారు 265 మైళ్లు. శనివారం మ్యాచ్ ఉదయం 8కి ఉందనుకుందాం.

శుక్రవారం స్కూల్ వదలగానే నాలుగున్నరకు బయల్దేరినా డాలస్ డౌన్‌టౌన్ దాటి ఐ-45 ఎక్కేసరికి ఆరు. మధ్యలో మ్యాడిసన్‌విల్‌లో బకీస్ పెట్రోలు బంకు దగ్గర ఇరవై నిమిషాలు. హోటల్ చేరేసరికి పది. మర్నాడు ఏడింటికల్లా మైదానంలో రిపోర్ట్ చేయాలి. ఐదు గంటలు కారులో ముడుచుకుని కూర్చున్న కాళ్లు తెల్లారేసరికి వదులు కావు. అందుకే రాత్రి చేరగానే గదిలోకి పోకుండా హోటల్ చుట్టూ పదిహేను నిమిషాలు నడిపించాలి.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మ్యాచ్‌కు మూడు గంటల ముందు కడుపునిండా తినాలన్న సూత్రం పట్టుకుని పిల్లను ఐదింటికి లేపి పులిహోర తినిపిస్తారు. దాంతో నిద్ర పోతుంది, పులిహోరలోని నూనె, పల్లీలు అంత పొద్దున అరగవు. ఎనిమిదింటి మ్యాచ్‌కు ముందు రాత్రి అన్నం బాగా పెట్టాలి. పొద్దున ఆరున్నరకు అరటిపండు, రెండు ఇడ్లీలు చాలు. పులిహోర, పెరుగన్నం మ్యాచ్ అయ్యాక పనికొస్తాయి, పైగా పార్కు దగ్గర ఫుడ్ ట్రక్‌లో నలుగురికి పెట్టే 60 డాలర్లు మిగులుతాయి. గదిలో చిన్న వంటగది ఉండే రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ స్వీట్స్ లాంటివి రాత్రికి ఇరవై డాలర్లు ఎక్కువైనా ఈ లెక్కలో చౌకే. మామూలు గదిలో రైస్ కుక్కర్ పెట్టడానికి చాలా హోటళ్లు ఒప్పుకోవు.

ఏడింటికి చేరాల్సినవాళ్లు పార్కింగ్ దొరక్క ఏడున్నరకు చేరితే మొదట కోత పడేది వార్మప్‌కు. ఈ వయసు అమ్మాయిలకు మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయం ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ. ఫిఫా 11+ లాంటి వార్మప్ ఉన్నదే దాన్ని తగ్గించడానికి, దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్ని ఐదుకు కుదించి పిల్లను ఆటలోకి దింపేస్తారు. వేల డాలర్లు పెట్టి చేసిన ప్రయాణంలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే.

ఆదివారం మ్యాచ్ 11:30కి, హోటల్ చెకౌట్ 11కి. పొద్దున్నే సామాను కారులో పడేయాలి. తడిసిన కిట్‌కు వేరే సంచి ఉండాలి. తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు.

ఇలాంటి ఒక్క ప్రయాణానికి కారు 185, రెండు రాత్రుల గది 330, తిండి 140, మొత్తం 655 డాలర్లు. ఇంకో కుటుంబంతో పంచుకుంటే మన వాటా సగం మైళ్లు, సగం గది, అమ్మాయి తిండి కలిపి 330 లోపే. "అక్కా, ఈసారి మా పాపను మీతో తీసుకెళ్లండి, వచ్చేసారి మీ పాప బాధ్యత నాది" అని ఆగస్టులోనే నాలుగు ప్రయాణాలకూ జతలు కట్టేసుకున్న ఇళ్లు బాగుపడతాయి. అమ్మాయితో పాటు సంతకం పెట్టిన మెడికల్ రిలీజ్ ఫారం, ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపులా ఫోటో పంపాలి. కోచ్ కారులో ఒక్క పిల్లను ఒంటరిగా పంపే ఆలోచన వద్దు. ఆయన ఎంత మంచివాడైనా సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో పిల్లల రక్షణ) నిబంధనలు దానికి అడ్డం పడతాయి, అడ్డం పడటమే మంచిది.

విమానం ఎక్కాల్సి వస్తే

ఒక షోకేస్‌కు (కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే టోర్నమెంట్‌కు) అమ్మాయి, ఒక పెద్ద: టికెట్లు 640, బ్యాగులు 140, హోటల్ మూడు రాత్రులు 630, అద్దె కారు 220, తిండి 260. మొత్తం 1,890. డాలస్ లవ్ ఫీల్డ్ నుంచి సౌత్‌వెస్ట్‌లో రెండు బ్యాగులు ఉచితంగా పోయే రోజులు 2025 మే 28తో అయిపోయాయి. పాత బడ్జెట్ షీట్ వాడుతున్న టీమ్ మేనేజర్లు ఆ గడిలో ఇంకా సున్నా ఉంచుతున్నారు. క్లీట్లు (సాకర్ బూట్లు), షిన్ గార్డులు, రెండు రంగుల జెర్సీలు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. పెట్టె తప్పిపోతే పళ్లపొడి ఎక్కడైనా దొరుకుతుంది, అలవాటైన క్లీట్లు దొరకవు.

ఇక్కడ డబ్బు కారిపోయే చోట్లు రెండు. చివరి రోజు మ్యాచ్ వేళ తేలకముందే తిరుగు టికెట్ కొనడం మొదటిది. ఆదివారం మ్యాచ్ పొద్దున్నే ఉంటుందనుకుని మధ్యాహ్నం రెండింటి టికెట్ తీసుకుంటారు, తీరా మ్యాచ్ ఒంటిగంటకు పడుతుంది. మార్చడానికి వీల్లేని అన్నిటికంటే చౌక టికెట్ అయితే మొత్తం నష్టం. ముందే కొనాల్సి వస్తే ఆ రోజు ఆఖరి మ్యాచ్ వేళకు నాలుగు గంటలు కలిపి, ఆ తర్వాతి విమానం తీసుకోవాలి. రెండోది "స్టే టు ప్లే". నిర్వాహకులు చెప్పిన హోటళ్లలోనే టీమ్ ఉండాలన్న షరతు అది. పక్క వీధిలో 50 డాలర్లు తక్కువకు గది దొరికిందని ఒక కుటుంబం అక్కడ దిగితే మాట పడేది టీమ్ మేనేజర్. షరతు కుటుంబానికి వర్తిస్తుందా, టీమ్‌లో ఇన్ని గదులని లెక్క ఉందా అన్నది మొదటే అడగాలి. కనీస గదుల లెక్క మాత్రమే ఉంటే చుట్టాల ఇంట్లో దిగే వీలుంటుంది. మనవాళ్లకు ఫీనిక్స్‌లోనో శాన్ డియెగోలోనో ఎవరో ఒకరు ఉండకపోరు.

స్కూలు సంగతి. రెండు షోకేస్‌లకు తలా రెండు రోజులు, మొత్తం నాలుగు రోజులు పోతాయి. టెక్సస్‌లో తరగతి జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరుంటేనే క్రెడిట్ ఇస్తారు. అంటే ఏడాదికి దాదాపు 17 రోజులు మానే వీలుంది. స్కూల్ టీమ్ ప్రయాణానికి ఉండే వెసులుబాటు క్లబ్ సాకర్‌కు ఉండదు. నాలుగు రోజులతో కొంపేమీ మునగదు. కానీ అదే ఏడాది సంక్రాంతికి ఇండియా వెళ్లి మరో పది రోజులు, పైన రెండు జ్వరాలు పడితే గీత దగ్గరకు వచ్చేసినట్టే. ఇండియా ప్రయాణం ఉన్న ఏడాది షోకేస్‌ల సంగతి ముందే తేల్చుకోవాలి.

నిమిషం ఖరీదు

మొదటి టీమ్‌లో 26 మ్యాచ్‌లు, సగటున 25 నిమిషాలు ఆడుతుందనుకుంటే 650 నిమిషాలు. 12,275ను భాగిస్తే నిమిషానికి దాదాపు 18.88 డాలర్లు. రెండో టీమ్‌లో అవే 26 మ్యాచ్‌లు, 60 నిమిషాల చొప్పున 1,560. అక్కడ నిమిషానికి 3.48.

ఈ లెక్క చూడగానే తీర్పు చెప్పేయకూడదు. ఏడాదికి 120 ప్రాక్టీసులు, 90 నిమిషాల చొప్పున 10,800 నిమిషాలు. పిల్ల ఎదిగేది ఎక్కువగా అక్కడే. రోజూ తనకంటే వేగంగా బంతి ఇచ్చే పదిహేను మంది మధ్య ఉండటానికి విలువుంది, దాన్ని మ్యాచ్ నిమిషాల్లో కొలవలేం. అందుకే 48 గంటల్లో చేయాల్సిన పని ఒకటుంది. రెండు క్లబ్బుల ప్రాక్టీసులకూ వెళ్లి గట్టు మీద స్టాప్‌వాచ్‌తో కూర్చోవాలి. 90 నిమిషాల్లో పిల్ల వరుసలో నిలబడి ఎంతసేపు ఎదురుచూసింది? 20 మందికి కోచ్‌లు ఎందరు? నలుగురికి నలుగురు ఆడే చిన్న ఆటలు ఎంతసేపు నడిచాయి? అన్నిటికంటే ముఖ్యంగా, చివరి అరగంటలో మొదటి పదకొండు మంది ఒకవైపు ఆడుతుంటే రొటేషన్ పిల్లలు ఏం చేస్తున్నారు? పక్కన ఖాళీ గోల్‌కు షాట్లు కొడుతుంటే ఆ 10,800 నిమిషాల్లో మూడో వంతు లేనట్టే.

ఈ కేసులో మొదటి క్లబ్బులో 20 మందికి ఒకే కోచ్, చివరి 25 నిమిషాలు రొటేషన్ పిల్లలు విడిగా. రెండో క్లబ్బులో ఆట వేగం తక్కువ, కానీ 18 మందికి ఇద్దరు కోచ్‌లు. మొదటి క్లబ్బులో ఇద్దరు కోచ్‌లుండి అందరూ కలిసి ఆడుతుంటే నా సలహా తిరగబడేది.

2029 జూన్ 15

అండర్-14లో విమానాలెక్కి షోకేస్‌లకు తిరగడానికి ఇళ్లలో చెప్పుకునే కారణం "కాలేజీ కోచ్‌లు చూస్తారు". ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) డివిజన్ 1 (పై అంచె కాలేజీలు) నిబంధన ప్రకారం పదో తరగతి అయ్యాక జూన్ 15 వచ్చేదాకా కాలేజీ కోచ్ అమ్మాయితో రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకునే) మాట మాట్లాడకూడదు. అధికారిక సందర్శనలు పదకొండో తరగతికి ముందు ఆగస్టు 1 నుంచి. మన అమ్మాయికి ఆ తేదీ 2029 జూన్ 15. ఈ సీజన్ మొదలయ్యేనాటికి దాదాపు మూడేళ్ల దూరం. చూడటానికి అడ్డేమీ లేదు, కానీ షోకేస్‌లో రోజుకు పది మ్యాచ్‌లు చూడగలిగే కోచ్ తను త్వరలో తీసుకోవాల్సిన అండర్-16, అండర్-17 పిల్లల గట్టు మీదే కూర్చుంటాడు. అండర్-14 విమానం టికెట్టుకు రిక్రూటింగ్ ఖాతాలో వచ్చేది చాలా తక్కువ. ఆ 3,780 అదే అమ్మాయి మీద 2028–29లో పెడితే పని చేస్తుంది.

స్కాలర్‌షిప్ తిరిగొస్తుందన్న లెక్కనూ ఒకసారి తడిమి చూడాలి. ఇదే ఖర్చు ఐదు సీజన్లు నడిస్తే 61,375 డాలర్లు. టెక్సస్ నివాసికి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో నాలుగేళ్ల ట్యూషన్‌ను అటూ ఇటుగా అందుకునే మొత్తం. డివిజన్ 1 మహిళల సాకర్‌లో 2024–25 వరకు ఒక్కో కాలేజీకి 14 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సరిపడా డబ్బే పరిమితి, దాన్ని రోస్టర్ అంతటికీ ముక్కలుగా పంచేవారు. 2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్ (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో రాజీ) ఖాయమయ్యాక, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి రోస్టర్‌లో 28 మంది అన్న పరిమితి వచ్చింది. పరిమితి పోయినంత మాత్రాన కాలేజీ దగ్గర డబ్బు పుట్టదు. 28 అన్న గీత వల్ల రోస్టర్ చివర ఉండే చోట్లు మాత్రం కచ్చితంగా తగ్గుతాయి. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. ఐవీ ఆశ ఉన్న మన ఇళ్లలో ఇది చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

హైస్కూల్ సాకర్ సంగతి కూడా ఇక్కడే. టెక్సస్‌లో యూఐఎల్ (స్కూల్ పోటీలు నడిపే సంస్థ) సీజన్ జనవరి నుంచి ఏప్రిల్. మూతపడిన డెవలప్‌మెంట్ అకాడమీ మొదట్లో హైస్కూల్ ఆటను ఒప్పుకునేది కాదు, ఈసీఎన్‌ఎల్ ఒప్పుకుంటుంది. తొమ్మిదో తరగతి నుంచి స్కూల్ టీమ్‌లో నిమిషాలు దొరుకుతాయి, ఖర్చు నామమాత్రం. లెక్కలో అదీ ఉండాలి.

కాగితాలు

సంతకానికి ముందు ఒప్పందంలో రిఫండ్ పేరా చదవాలి. ఫీజు పది వాయిదాల్లో కట్టినా అది నెలసరి చందా కాదు, ఏడాది మొత్తానికి బాకీ. అక్టోబరులో మానేసినా మిగిలిన వాయిదాలు నడుస్తాయి, బాకీ తీరేదాకా ఇంకో క్లబ్బుకు మారడమూ కష్టమవుతుంది.

అమ్మాయి అమెరికా బయట పుట్టి ఉంటే మరో మెట్టు. పదేళ్లు దాటి ఇక్కడ మొదటిసారి రిజిస్టర్ అయ్యే పిల్లలకు ఫిఫా నిబంధనల కింద అంతర్జాతీయ క్లియరెన్స్ కావాలి. తల్లిదండ్రులు సాకర్‌తో సంబంధం లేని కారణంతో వలస వచ్చారని చూపాలి: పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రం, ఉద్యోగ పత్రం, ఇంటి చిరునామా రుజువు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. మనవాళ్లలో ఇది మామూలే. ఆగస్టులో మొదలుపెడితే సెప్టెంబరు మ్యాచ్‌లు గట్టు మీద నుంచి చూడాల్సిందే, అందుకే మేలోనే పంపాలి. ఈ కేసులో అమ్మాయి డాలస్‌లోనే పుట్టింది కాబట్టి ఆ చిక్కు లేదు.

డబ్బు సాయానికి దారులు తక్కువే. ఇద్దరి జీతాలున్న ఐటీ ఇంటికి క్లబ్బు ఆర్థిక సాయం అందదు. 529 ఖాతా (చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచే ఖాతా) డబ్బు క్లబ్ ఫీజుకు వాడకూడదు. క్లబ్బు లాభాపేక్ష లేని సంస్థ అయితే ఉద్యోగి వాలంటీర్ గంటలకు కంపెనీలు ఇచ్చే డబ్బు దానికి తెప్పించవచ్చు, మైక్రోసాఫ్ట్ గంటకు 25 డాలర్లు ఇస్తుంది. అయితే అది క్లబ్బుకు పోవాలి. "నేను తెచ్చిన డబ్బు మా పాప ఫీజులో తగ్గించండి" అనకూడదు. తల్లిదండ్రులు సేకరించిన దాన్ని ఎవరి పిల్ల ఖాతాలో వాళ్లకు జమ చేసినందుకే ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్బు (టీమ్‌కు డబ్బు సేకరించే తల్లిదండ్రుల సంఘం) పన్ను మినహాయింపు పోగొట్టుకుంది. 2013లో టాక్స్ కోర్టు దాన్నే ఖాయం చేసింది.

తీసుకున్న నిర్ణయం

రెండో ఆఫర్, రెండేళ్లకు. మిగిలే 6,839లో ఏటా 1,500 ఒక ట్రైనర్ దగ్గర 25 సెషన్లకు, కుడికాలికీ వెనక్కి పరుగుకూ. మిగతా 5,339 వేరే ఖాతాలోకి. రెండేళ్లకు 10,678. 2028–29లో అండర్-16లో ఈసీఎన్‌ఎల్ టీమ్‌లోకి వెళ్లగలిగితే ఐదు షోకేస్‌లకు 9,450 పోగా, మిగిలిన 1,228 కాలేజీలు నడిపే ఒకటి రెండు ఐడీ క్యాంపులకు (కోచ్‌లు పిల్లల ఆట చూసే శిబిరాలకు). ఈ దారికీ ముప్పు ఉంది. అండర్-16లో బయటి పిల్ల కొత్తగా చొరబడటం అండర్-14లో కంటే కష్టం, కోచ్‌కు పాత పిల్లల మీద నమ్మకం కుదిరిపోయి ఉంటుంది. ఊళ్లు మారేవాళ్లు, గాయపడేవాళ్లు, హైస్కూల్‌కే పరిమితమయ్యేవాళ్లు ఉంటారు కాబట్టి ఖాళీలు వస్తాయి, కానీ వింగర్ చోటే ఖాళీ అవుతుందన్న హామీ లేదు.

మొదటి క్లబ్బును వెంటనే వదులుకోలేదు. 48 గంటల గడువులో మొదటి రోజే మూడు ప్రశ్నలు మెయిల్లో వెళ్లాయి. 20 మందిలో ఎందరు విమానం ఎక్కుతారు, ఎక్కని పిల్ల మీద కోచ్ ప్రయాణ వాటా పడుతుందా? మ్యాచ్ రోజు 18 మందిలో పేరు లేని వారాంతంలో మీ రీజినల్ టీమ్‌తో ఆడనిస్తారా? పెద్ద గాయమైతే మిగిలిన వాయిదాలు మాఫీనా? మొదటిదానికి రాతలో జవాబు వచ్చింది: విమానం 18 మందికి, వాటా 20 మందికి. రెండోదానికీ వచ్చింది: "వీలును బట్టి". మూడోదానికి మేనేజర్ ఫోన్ చేసి, అలాంటివి మేం మానవత్వంతో చూస్తాం, కంగారు పడకండి అన్నారు. అదే ముక్క మెయిల్లో పెట్టమని అడిగారు తండ్రి. గడువు ముగిసేదాకా ఆ మెయిల్ రాలేదు.